మాట అందని గాలిలో



నేను పుట్టి పెరిగింది కృష్ణా జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో. మా ఇళ్లలో పెద్దవాళ్లు వయసులు లెక్కగట్టేది ఉప్పెనతోనే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన అది. ఫలానావాడు ఉప్పెనకు ముందు పుట్టాడు, ఫలానా పెళ్లి ఉప్పెన వెళ్లిన రెండేళ్లకి అయింది, ఇలా ఉండేది లెక్క. గాలి హోరు మొదలైందంటే పశువుల తాళ్లు విప్పేసి, పిల్లల్ని లోపలికి చేర్చి, తలుపులు బిగించుకుని కూర్చోవాలని మాకు చిన్ననాడే ఒంటబట్టింది. అలాంటి గాలికి ఎదురు నడవడం మా వైపు ఎవరూ కోరి చేసే పని కాదు.

కోరి వెళ్లి, గాలికి ఎదురుగా కొండ మీద నడిచిన ఒక రోజు గురించి ఇవాళ మీతో చెప్పుకుంటాను. మేం మొత్తం తొమ్మిదిమందిమి. అనుకున్న చోటికి చేరలేదు, దారి మధ్యలోనే వెనక్కి తిరిగాం. ఆ తిరగడం ఎలా జరిగిందన్నదే నా మనసులో నిలిచిపోయింది.

నేనిప్పుడు ఉండేది ఆస్ట్రేలియాలో, సిడ్నీ నగరంలో. ఇక్కడివాళ్లు అడవిని, పొదల్ని, ఊళ్లకు దూరంగా ఉన్న నేలనంతా కలిపి ‘బుష్’ అంటారు. వీపున సంచీ తగిలించుకుని అందులో నడవడం ‘బుష్‌వాక్’. దానికోసం ఊరూరా క్లబ్బులున్నాయి. సిడ్నీ బుష్ వాకర్స్ అనే క్లబ్బు 1927లో పుట్టింది. ఈ నడకవాళ్లు నడిచి ఊరుకోలేదు. 1931 ఈస్టరు సెలవుల్లో బ్లూ మౌంటెన్స్‌లో గ్రోస్ నది లోయలోకి దిగిన కొందరికి, అక్కడి బ్లూ గమ్ చెట్లు కొట్టించి వాల్‌నట్ తోట వెయ్యాలనుకుంటున్న కౌలుదారు తారసపడ్డాడు. ఆర్థికమాంద్యం రోజులవి. అయినా క్లబ్బులవాళ్లు చందాలు పోగుచేసి, 130 పౌండ్లు అతని చేతిలో పెట్టి, కౌలు వదిలించుకున్నారు. ఆ వనం ఇవాళ్టికీ ఉంది. ఆ కథ విన్నాకే నాకు ఈ క్లబ్బుల మీద గౌరవం కలిగింది.

మా క్లబ్బు చిన్నది. ఆ మార్చి నెలలో మేం వెళ్లింది కొజియాస్కో కొండలకు. సిడ్నీ నుంచి జిందబైన్ అనే ఊరికి కారులో దాదాపు ఆరు గంటలు, అక్కణ్ణుంచి ఇంకా పైకి. కొజియాస్కో ఆస్ట్రేలియా ఖండం మీద అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, 2,228 మీటర్లు. హిమాలయాలు చూసినవాళ్లకి అది ఒక ఎత్తుగా అనిపించకపోవచ్చు. ఇక్కడ లెక్కచెయ్యాల్సింది గాలిని. దక్షిణ మహాసముద్రం మీదుగా వచ్చే పడమటి గాలులకు దారిలో అడ్డంటూ పెద్దగా ఉండదు. మెయిన్ రేంజ్ అనే ఈ కొండల వరుస వాటికి అడ్డంగా నిలబడి ఉంటుంది. పడమటి వైపు కొండ ఒక్కసారిగా లోతైన లోయలోకి దిగిపోతుంది. గాలి ఆ వాలు వెంట పైకి ఎగబాకి, గట్టు మీద ఇరుకై, కాలవ సన్నబడ్డ చోట నీళ్లు ఉరికినట్టు ఉరుకుతుంది. నడకదారి మొదలయ్యే తూర్పు వైపున మాత్రం ఆకు కదలదు. అక్కడ నిలబడి, వాతావరణం బాగుందనుకుని బయల్దేరేవాళ్లు చాలామంది.

మాతో ఆ రోజు మా బామ్మర్ది కూడా వచ్చాడు. ఇరవయ్యేడేళ్లవాడు, ఉద్యోగం మీద కొత్తగా వచ్చాడు, రోజూ పరుగెత్తే అలవాటుంది. శిఖరం మీద నిలబడి ఊళ్లో ఉన్న వాళ్లమ్మకి వీడియో కాల్ చెయ్యాలని వాడి ఆశ. వారం రోజుల నుంచీ అదే మాట.

మా లీడరు ఒక రిటైర్డ్ టీచరు. అరవై ఎనిమిదేళ్లావిడ. షార్లెట్ పాస్ దగ్గర కార్లు ఆపుకుని, బూట్లు బిగించుకుంటుంటే అందర్నీ గుండ్రంగా నిలబెట్టారు. ‘‘పైన నా మాట మీకు వినిపించదు. మీ మాట నాకు వినిపించదు. మాట్లాడుకోవాల్సిందంతా ఇక్కడే మాట్లాడుకుందాం’’ అన్నారు.

వాతావరణ శాఖ చెప్పిన అంచనా ఆవిడ చేతిలో ఉంది. గట్ల మీద గంటకు 50 కిలోమీటర్ల గాలి, మధ్యాహ్నానికి 60. ఆ అంకెను ఎలా చదవాలో మాకు విడమరిచి చెప్పారు. అది పది నిమిషాల సగటు. మధ్యమధ్య వచ్చే విసురు అంతకంటే 40 శాతం ఎక్కువ ఉండొచ్చని వాతావరణ శాఖే హెచ్చరిస్తుంది. అంటే అరవై అన్నచోట ఎనభై నాలుగు. ఇక్కడ ఒక లెక్క ఉంది, దీన్ని కాస్త జాగ్రత్తగా వినండి. గాలి వేగం రెట్టింపైతే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. వేగం 40 శాతం పెరిగితే చాలు, బలం దాదాపు రెట్టింపు. ఆ ఎత్తులో 60 కిలోమీటర్ల గాలి ఒక మనిషిని ఉజ్జాయింపుగా పది కిలోల బలంతో నెడుతుందనుకుంటే, ఎనభై నాలుగు కిలోమీటర్ల విసురు ఇరవై కిలోల బలంతో నెడుతుంది. అదీ చెప్పా పెట్టకుండా, ఒక కాలు గాల్లో ఉన్నప్పుడు. ఎనభై అయిదు కిలోల మనిషి తూలి నిలదొక్కుకుంటాడు. నలభై అయిదు కిలోల మనిషి పడిపోతుంది.

‘‘మామూలు రోజు జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని బట్టి మిగతావాళ్లు నడుస్తారు. ఇవాళ అందరికంటే తేలికగా ఉన్నవాళ్లని బట్టి నడుద్దాం’’ అన్నారావిడ. మా అందరి కళ్లూ నేపాల్ నుంచి వచ్చి నర్సింగ్ చదువుకుంటున్న అమ్మాయి వైపు తిరిగాయి. ఆ అమ్మాయి తల దించుకుంది. ఆ దించుకోవడం నేను చూశాను గానీ దాని అర్థం నాకు తరవాత తెలిసింది.

ఇద్దరిద్దర్ని జత కలిపారు. బేసిగా మిగిలిన ఒకరు లీడరుతో. వంద అడుగులకోసారి వెనక్కి తిరిగి జతగాణ్ణి చూడాలి. విజిల్ ఒకసారి ఊదితే ఆగాలి, మూడుసార్లు ఊదితే ప్రమాదం. రెండు చేతులూ తల మీద కత్తెరలా పెడితే ‘వెనక్కి పోదాం’ అని. ఆ గుర్తు ఎవరు చూపించినా సరే, అందరూ తిరగాలి. ఎందుకని అక్కడ అడగకూడదు, కిందికి వచ్చాక అడగొచ్చు.

‘‘ఏంటి బావా, ఒక్కళ్లకి భయమేస్తే అందరూ తిరిగి రావాలా?’’ అన్నాడు మావాడు తెలుగులో.

‘‘ఒప్పుకునే బయల్దేరుతున్నాంగా’’ అన్నాను.

షార్లెట్ పాస్ నుంచి దారి ముందు కిందికి దిగుతుంది. అక్కడ స్నో గమ్ చెట్లుంటాయి. మంచును, గాలిని కాచుకుని బతికే చెట్లవి. ఒక్కటీ తిన్నగా ఉండదు. ఒళ్లు మెలితిరిగి, కొమ్మలన్నీ తూర్పుకి వాలి ఉంటాయి. బెరడు మీద బూడిద రంగు, పసుపు, కొన్నిచోట్ల పండు మిరప రంగు చారలు. వాన తడికి అవి మెరుస్తుంటే చెయ్యి పెట్టకుండా ఉండలేం. కింద స్నోయీ నది, అక్కడ ఇంకా వాగంత ఉంటుంది. రాళ్ల మీద అడుగులేసి దాటాలి. అవతల మళ్లీ ఎక్కుడు. చెట్లు అయిపోతాయి. గడ్డి, రాళ్లు, ఆకాశం, అంతే. ఒకప్పటి హిమానీనదం తొలిచిన బ్లూ లేక్ కుడివైపు పల్లంలో కనిపిస్తుంది. ఆ రోజు చెరువు మీద నీళ్లు అలలుగా కాకుండా చాపలు చుట్టినట్టు కదులుతున్నాయి. లీడరు ఆగి, అది చూపించి, అందర్నీ జాకెట్లు వేసుకోమన్నారు, చేతితొడుగులు తగిలించుకోమన్నారు, తినాల్సింది జేబులో పెట్టుకోమన్నారు. మా ఆవిడ కట్టిచ్చిన పల్లీపట్టీలు నేను అందరికీ పంచాను. తొమ్మిదిమందిలో ఒకాయన, మా అందరిలోకీ పొడగరి, దిట్టమైన మనిషి, ఎక్కీ ఎక్కీ చెమట పట్టిందని జాకెట్టు నడుముకే కట్టుకున్నాడు. ఎవరం పట్టించుకోలేదు.

కొజియాస్కో దారిలో వచ్చే కారథర్స్ పీక్ అనే శిఖరం, 2,145 మీటర్లది, ఇంకా పైన ఉందనగా గట్టు మీదికి వచ్చాం. అప్పటిదాకా గాలి మా తల మీదుగా పోతోందన్న సంగతి గట్టెక్కిన క్షణంలో తెలిసింది.

ఒంటి మీద పడ్డ మొదటి దెబ్బకంటే నాకు ఎక్కువ గుర్తున్నది చెవుల్లో హోరు. టోపీ అంచు, సంచీ పట్టీలు, జాకెట్టు చేతులు, అన్నీ కలిసి టపటపలాడుతుంటే నా ఊపిరి నాకే వినిపించలేదు. నోరు తెరిస్తే గాలి లోపలికి కుక్కుకుంటుంది. ముందుకి వంగి నడుస్తాం. ఉన్నట్టుండి విసురు ఆగిపోతుంది, ఆనుకున్న గోడ జరిగిపోయినట్టు మనం గాలి వైపే పడతాం. చేతికర్రలు పక్కకి ఎగిరిపోతుంటాయి, పెట్టాలనుకున్న చోట పడవు. నా సంచీ మీది వాన కవరు ఎప్పుడు ఊడిందో, ఎటు పోయిందో కూడా తెలియదు.

మా వరుస సాగిపోయింది. మావాడు నా జత. వాడికి ఆ గాలి ఉత్సాహం తెప్పించింది. డెబ్భై, ఎనభై అడుగులు ముందుకి వెళ్లిపోయాడు. గట్టు మీదికి మబ్బు వచ్చిందంటే కప్పేస్తుంది, మళ్లీ విడిపోతుంది. ఒకసారి కప్పేసి విడిపోయేసరికి వాడి ఎర్ర జాకెట్టు బాగా చిన్నదిగా కనిపించింది. ‘‘ఒరేయ్’’ అని అరిచాను. నా గొంతులో నొప్పి తెలిసింది గానీ శబ్దం తెలియలేదు. వెనకనుంచి లీడరు విజిల్ ఊదారు. వాడు ఆగలేదు. గాలి వాడి వైపునుంచి మా వైపుకి వీస్తోంది. వాడు ఊదితే మాకు వినిపిస్తుంది, మేం ఊదితే వాడికి చేరదు. చిన్నప్పుడు పొలంలో గాలివాటు చూసుకుని కేక వేసినవాణ్ణే, అక్కడ ఆ మాట తోచలేదు.

అదే సమయంలో వెనక నేపాలీ అమ్మాయి పడిపోయింది. విసురు ఆ అమ్మాయిని దారి మీదినుంచి రెండడుగులు జరిపి, మోకాళ్ల మీద కూలేసింది. లేచింది. మళ్లీ నడవబోయింది. లీడరు భుజం పట్టుకుని ఒక పెద్ద రాతి చాటుకి లాక్కొచ్చారు. మేమందరం అక్కడికి చేరాం, ఒక్క మావాడు తప్ప.

ఆ రాతి వెనక వింతైన నిశ్శబ్దం. రెండడుగుల అవతల హోరు, ఇక్కడ అగ్గిపుల్ల వెలిగించుకోవచ్చు. లీడరు ఒక్కొక్కళ్ల ముందూ కూర్చుని, చెవి నోటి దగ్గరికి తెచ్చి, పేరూ పుట్టినరోజూ చెప్పమన్నారు. నాకు ఆశ్చర్యమేసింది. అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. నేను చెప్పాను. ఆ దిట్టమైన మనిషి వంతు వచ్చేసరికి మాట ముద్దముద్దగా వచ్చింది. నెల చెప్పి, తేదీ దగ్గర ఆగిపోయాడు.

ఒంట్లో వేడి పోతున్నప్పుడు మొదట చెడేవి ఇవే. మాట తడబడుతుంది, వేళ్లు చెప్పినట్టు వినవు, కాలు తొట్రుపడుతుంది, మనిషి ముభావంగా అయిపోతాడు. గాలి లేకుండా 5 డిగ్రీలుంటే మామూలు చలి. అదే 5 డిగ్రీలకి 60 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ రెండులా తగులుతుంది. చెమటతో బట్ట తడిసి ఉంటే ఇంకా ఘోరం. మామూలుగా అయితే పక్కనున్నవాడు గుర్తుపడతాడు, ఏంటి అలా మాట్లాడుతున్నావని. గాలిలో ఎవరి మాటా ఎవరికీ వినపడనప్పుడు, ఒక మనిషి మాట పోగొట్టుకుంటున్నాడని తెలిసేది ఎలా? ఆయన అరగంట నుంచి మా మధ్యనే నడుస్తున్నాడు. మేం చూస్తూనే ఉన్నాం. నేను భయపడింది అప్పుడే.

జాకెట్టు తొడిగాం. ఇద్దరం చెరో పక్కా ఆనుకుని కూర్చున్నాం. ఆయన జేబు జిప్పు తీసుకోలేకపోతుంటే నేపాలీ అమ్మాయి తీసి, పల్లీపట్టీ ముక్క విరిచి నోట్లో పెట్టింది.

మావాడికి వంద అడుగుల మాట ఎప్పుడు గుర్తొచ్చిందో, వెనక్కి చూస్తే ఎవరూ లేరట. పరుగులాంటి నడకతో వచ్చి రాతి చాటున కూలబడ్డాడు. ముఖం తెల్లబోయి ఉంది. నన్ను చూశాడు, ఆ జిప్పు వైపు చూశాడు, అమ్మాయి చిరిగిన మోకాలు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. వాడు లేచి నిలబడి, రెండు చేతులూ తల మీద కత్తెరలా పెట్టాడు.

లీడరు తల ఊపారు. తరవాత తెలిసింది, ఆవిడ కూడా అదే గుర్తు చూపించబోతున్నారట. అమ్మాయి మాత్రం నాతో అంది, గట్టెక్కగానే చేతులు ఎత్తాలనిపించిందట, పొద్దున అందరూ తన వైపు చూసినందుకే ఎత్తలేకపోయిందట. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. ఎవరైనా ఆపొచ్చన్న నియమం పెట్టుకున్నాం గానీ, దాన్ని వాడుకునే ధైర్యం ఆ అమ్మాయికి మా చూపులతోనే పోగొట్టాం.

ఆయన ఒళ్లు కాస్త వేడెక్కేదాకా పది నిమిషాలు కూర్చున్నాం. అప్పుడే నేల మీద ఒక మొక్క చూశాను. దారి పక్కన గులకరాళ్ల మధ్య, జానెడు ఎత్తు కూడా లేదు, నేలకి అతుక్కుని ఉంది. పడమటి వైపు కొమ్మలన్నీ ఎండిపోయి, ఎముకల్లా తెల్లగా నునుపుదేరి ఉన్నాయి. తూర్పు వైపు చిన్నచిన్న ఆకులు, ముదురాకుపచ్చ, ఒత్తుగా. లీడరు ముందుకి వంగి నా చెవిలో చెప్పారు. ఇది ఎపాక్రిస్ జాతి మొక్క. గాలి కొట్టే వైపు చచ్చిపోతూ, గాలి చాటు వైపు కొమ్మలు నేలలో కొత్త వేళ్లు వేసుకుంటూ, అలా ఏళ్ల తరబడి ఈ మొక్క కొండ మీద కొంచెం కొంచెంగా జరుగుతుందట. గాలి బాగా కొట్టే ఈ గట్ల మీద, చాలా కొద్ది నేలలోనే ఈ మొక్కల గుంపు ఉంది. ఒక్క బూటు అడుగు పడితే కోలుకోవడానికి ఎన్నేళ్లో. అందుకే ఎంత గాలి తోసినా దారి దాటి కాలు పెట్టకూడదంటారు.

దిగేటప్పుడు అమ్మాయిని మధ్యలో పెట్టుకుని, ఒకరి సంచీ పట్టీ ఇంకొకరు పట్టుకుని నడిచాం. బ్లూ లేక్ మలుపు దాటగానే మాటలు వినిపించడం మొదలైంది. అందరం ఒకేసారి మాట్లాడాం. కార్ల దగ్గర లీడరు తొమ్మిది తలలూ చేత్తో ముట్టి లెక్కపెట్టారు.

ఆ సాయంత్రం జిందబైన్‌లో టీ తాగుతూ మావాడు అడిగాడు, సంచీలో ప్రమాద సంకేతం పంపే బీకన్ ఉందిగా, మీట నొక్కితే హెలికాప్టరు వచ్చేది కదా అని. బీకన్ సంకేతం ఉపగ్రహం ద్వారా కాన్‌బెర్రాలోని రక్షణ కేంద్రానికి అందుతుంది, నిజమే. బ్లూ మౌంటెన్స్‌లో అయితే నడకకి వెళ్లేవాళ్లకి పోలీసులు, పార్కు సిబ్బంది వాటిని ఉచితంగా అరువిస్తారు కూడా. కానీ మనుషుల్ని పడేసే గాలి హెలికాప్టరును కూడా గట్టు మీద దిగనివ్వదు. మీట నొక్కాక గంటలకొద్దీ ఆ రాతి చాటునే కాచుకోవాల్సి రావచ్చు.

అప్పుడే లీడరు సీమన్స్ హట్ సంగతి చెప్పారు. 1928 ఆగస్టులో లారీ సీమన్, ఎవాన్ హేస్ అనే ఇద్దరు యువకులు మంచు మీద స్కీలతో కొజియాస్కోకి వెళ్లి, జట్టునుంచి విడిపోయి, మంచు తుపానులో చిక్కుకుని చనిపోయారు. ఇద్దరి శవాలూ ఒకేచోట కూడా దొరకలేదు. సీమన్ తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బుతో మరుసటి ఏడాది అక్కడ రాతి గది కట్టారు. దారి తప్పినవాళ్లు, తుపానులో చిక్కినవాళ్లు తలదాచుకోవడానికి. మేం ముందుకి వెళ్లి ఉంటే మధ్యాహ్నం దాని పక్కనుంచే తిరిగి వచ్చేవాళ్లం. మావాడు టీ కప్పు కింద పెట్టేసి, చాలాసేపు మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో, చలికాలం మంచు పడకముందే మళ్లీ వెళ్లాం. అదే తొమ్మిదిమందిమి. ఈసారి జతలు ఎవరికి వాళ్లు ఎంచుకోమన్నారు. మావాడు వెళ్లి నేపాలీ అమ్మాయి పక్కన నిలబడి, ‘‘నీ వేగమే నా వేగం’’ అన్నాడు. ఆకాశం కడిగినట్టుంది. గాలి చొక్కా కదిలించేంతే. శిఖరం ఎక్కాం, వాడు వాళ్లమ్మకి కాల్ చేశాడు. తిరుగుదారిలో సీమన్స్ హట్ లోపలికి వెళ్లి ఆ రాతి గోడలు ముట్టుకున్నాం.

అదే రోజు పొద్దున, కారథర్స్ గట్టు మీద, వాడు నాకంటే యాభై అడుగులు ముందున్నాడు. దారి పక్కన ఆ పెద్ద రాయి కనిపించగానే ఆగాడు. దారి దిగకుండా అక్కడే గొంతుకూర్చుని నేల వైపు వంగాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి, అరవలేదు, ఇంట్లో మాట్లాడినట్టే అన్నాడు:

‘‘బావా, మొక్క ఇక్కడే ఉంది.’’

ప్రతి అక్షరం వినిపించింది.